ముప్పై ఐదు మార్కుల జాలి

కొత్తగా హెడ్మాస్టర్లయినవాళ్ళకి శిక్షణ పెట్టి, నన్ను రెండు మాటలు చెప్పమని పిలిచారు. ‘సహిత విద్యను నిత్యాచరణలో పెట్టడం ఎలా’ అన్నది నాకిచ్చిన అంశం. దాంతోపాటు ఒక శాలువా, ఒక పూలగుత్తి, పదిహేను నిమిషాల టైము ఇచ్చారు. శాలువా కప్పి ఫొటోలు దిగడానికే ఏడు నిమిషాలు పోయాయి. మిగతా ఎనిమిదింట్లో ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు. చప్పట్లు మాత్రం బాగా కొట్టారు. అంటే ఎవరికీ ఇబ్బంది కలిగించే మాట ఒక్కటీ చెప్పలేదన్నమాట. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. మీలో కొత్తగా ఆ కుర్చీ ఎక్కినవాళ్ళుంటే చదవండి. పాతవాళ్ళు చదవనక్కర్లేదు, ఇది మీరూ చేసిన పనే.

గుంటూరుకి దక్షిణంగా, ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరది. పేరు చెప్పను. ఊరివాళ్ళు మంచివాళ్ళు, నా వల్ల వాళ్ళకి కొత్తగా చెడ్డపేరెందుకు. బస్సు దిగగానే ఒకపక్క పత్తి చేలు, ఒకపక్క మిరప చేలు, మధ్యలో మా హైస్కూలు. మిరపకోతల రోజుల్లో ఆ దారిన వచ్చేవాళ్ళు తుమ్ముకుంటూనే వచ్చేవాళ్ళు. తొంభైల చివర్లో నేను అక్కడికి హెడ్మిస్ట్రెస్‌గా వెళ్ళాను. కొత్త హోదా, ఊరందరి నోటా ‘మేడంగారు’ అన్న పిలుపు. నేను ఏం చేసినా సరైనదేనని నాకు గట్టి నమ్మకం.

వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడిలోనే అందరితో కలిపి చదివించాలని ఆ రోజుల్లో పైనుంచి ఒకటే సర్క్యులర్లు. మాట మంచిదే. కాకపోతే దాని పేరు నిలకడగా ఉండేది కాదు. కొన్నాళ్ళు ఏకీకృత విద్య, కొన్నాళ్ళు విలీన విద్య, ఆ తర్వాత సహిత విద్య. పేరు మారినప్పుడల్లా గోడ మీది పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాయించేవాళ్ళం. ఈ మొత్తం వ్యవహారంలో తిరుగులేకుండా బాగుపడింది మా ఊరి పెయింటరు ఒక్కడే.

ర్యాంపు కూడా కట్టించాను. మా బడికి చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు ఒక్కరూ లేరు. ఉన్నా ఆ ర్యాంపు వాళ్ళకి అక్కరకొచ్చేది కాదు. అది క్లాసురూముల వైపు కాకుండా తిన్నగా నా ఆఫీసు గదిలోకి వచ్చేది. అక్కడే ఎందుకు కట్టించానంటారా? తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు చూసేది అదే కదండీ. కాళ్ళు రెండూ లక్షణంగా ఉన్న అధికారులు ఆ ర్యాంపు మీద నడిచొచ్చి, “బాగుందమ్మా” అని నా రిజిస్టర్లో రాసి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. తక్కిన రోజుల్లో దాని మీద పక్క చేలవాళ్ళు మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళు. ఎండ బాగా తగిలే చోటని.

అలాంటి బడిలోకి ఆరో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. పుట్టినప్పటి నుంచీ చూపు మందం. చేతికి అందేంత దూరంలో ఉన్నది కనిపిస్తుంది, ఆపైన అంతా మసక. వాళ్ళ తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. తండ్రి నాటికి ఆ పని పోయి, అమ్మా నాన్నా ఇద్దరూ మిరప కళ్ళాల్లో పనికి కుదిరారు. కాయలు గోనె సంచుల్లో తొక్కి మూతి కుట్టే పని వాళ్ళది. అలా తొక్కి కుట్టిన బస్తాని మా వైపు టిక్కీ అంటారు. ఆ తల్లి పిల్లని తీసుకొచ్చి నా బల్ల ముందు నిలబెట్టింది.

“చూపు ఆనదు గానీ బుర్ర చురుకండీ మేడంగారు. అందరితో పాటే చూడండి, వేరుగా చూడబాకండి” అంది.

“మీరేం దిగులు పెట్టుకోకండి. అంతా నేను చూసుకుంటాను” అన్నాను.

చూసుకున్నాను కూడా. ఆ సాయంత్రమే ఆర్డర్ బుక్ తెప్పించాను. తెలియనివాళ్ళకి చెబుతాను. బడిలో హెడ్మాస్టరు మాట శాసనం కావాలంటే ఆ పుస్తకంలో రాయాలి. అటెండరు దాన్ని క్లాసు క్లాసుకీ తీసుకెళ్తాడు, టీచర్లు సుద్దచేత్తోనే సంతకం పెడతారు. రాసింది చదివేవాళ్ళు అరుదు. నేను ఇలా రాశాను: ‘ప్రత్యేక అవసరాలు గల విద్యార్థిని యెడల సిబ్బంది అందరూ మానవతా దృక్పథముతో వ్యవహరింపవలెను. ఆమెను ఏ విధముగను ఒత్తిడికి గురిచేయరాదు.’ రాసి, రెండుసార్లు చదువుకుని, కళ్ళు చెమర్చి సంతకం పెట్టాను. నా సర్వీసులో సిబ్బంది అందరూ పూర్తిగా చదివి, పూర్తిగా అమలు చేసిన ఆర్డరు అదొక్కటే.

ఎలా అమలు చేశారో వినండి. ప్రార్థనలో ఎండకి నిలబడితే ఒత్తిడి, కాబట్టి ఆమె రానక్కర్లేదు. ఆటల పీరియడ్‌కి వెళ్ళనక్కర్లేదు. క్లాసులో ప్రశ్న అడిగితే జవాబు రాక చిన్నబుచ్చుకుంటుందేమోనని ఎవరూ ఏమీ అడగరు. హోంవర్కు ఇవ్వరు. బయటికెళ్ళి రావడానికి వీలుగా ఉంటుందని ఆఖరి వరసలో, తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాం. చూపు ఆనని పిల్లని నల్లబల్లకి వీలైనంత దూరంగా కూర్చోబెట్టి, దానికి ప్రత్యేక ఆసనమని పేరు పెట్టుకున్నాం. ఆ ఏడాది నివేదికలో ఆ కుర్చీ గురించి ఒక పేరా రాశాను.

ఇక పరీక్షలు. మా సోషల్ మాస్టారు మెత్తని మనిషి. చీమని చూస్తే పక్కకి తప్పుకుని నడిచే రకం. ఒకరోజు ఆమె పేపరు పట్టుకుని నా గదికొచ్చాడు.

“అక్షరాలు వేలెడంతేసి ఉన్నాయండీ. వరస తప్పి ఒకదాని మీదొకటి ఎక్కాయి. చదవాలంటే పేపరుకి గంట పట్టేట్టుంది. ఏం చెయ్యమంటారు?”

నేను జీతాల బిల్లు మీద సంతకాలు పెడుతున్నాను. తలెత్తలేదు. “పాపం, పాస్ చేసేయండి మాస్టారూ” అన్నాను.

ఆ మాట స్టాఫ్ రూములో టీ కంటే ముందే అందరికీ అందింది. అప్పటి నుంచీ అన్ని సబ్జెక్టుల్లో, అన్ని పరీక్షల్లో ఆ పిల్లకి ముప్పై ఐదు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. నేనేమో ఏటేటా ‘ప్రత్యేక అవసరాల విద్యార్థిని అన్ని సబ్జెక్టులలో ఉత్తీర్ణత సాధించినది’ అని పైకి రాశాను. పైవాళ్ళు ఆ ముక్కని ఇంకా పైకి రాశారు. మా బడి ఆదర్శ పాఠశాల అయికూర్చుంది.

ఆ అమ్మాయి పదో తరగతికొచ్చిన ఏడు మా డివిజన్‌కి కొత్త అధికారి వచ్చాడు. హాఫ్ ఇయర్లీ పరీక్షలయ్యాక, ఆదర్శ పాఠశాలని చూస్తానని కబురు పెట్టాడు. నేను చార్టులు రాయించాను, బెంచీలు కడిగించాను, ర్యాంపు మీది కాయలు ఎత్తించమని అటెండరుకి చెప్పాను. వాడు మర్చిపోయాడు.

సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి స్కూటరు దిగి, ఎర్రగా పరుచుకున్న ర్యాంపు వంక ఒక క్షణం చూసి, పక్కనున్న మెట్లెక్కి లోపలికొచ్చాడు.

“ఎవరివండీ ఆ కాయలు?”

“పక్క పొలంవాళ్ళవండీ. ఇవాళ ఒక్కరోజే.”

“ఎండ బాగా తగులుతుందిలెండి అక్కడ” అన్నాడు. నవ్వలేదు.

చార్టులు చూడలేదు. టీ వద్దన్నాడు. “ఆ అమ్మాయి రాసింది ఏదైనా చూపించండి” అన్నాడు. ఈ వృత్తిలో అంతవరకూ నన్ను ఎవరూ అడగని కోరిక అది. అయినా నాకు బెదురేమీ లేదు. ఉత్తీర్ణురాలైన పిల్ల కదా. సోషల్ మాస్టారిని పిలిచి హాఫ్ ఇయర్లీ పేపర్ల కట్ట తెమ్మన్నాను. ఆయన తెచ్చి, ఆమె పేపరు తీసి, ముప్పై ఐదు పైకి కనపడేలా బల్ల మీద పెట్టాడు. అధికారి కళ్ళజోడు సర్దుకుని మొదటి పేజీ తిప్పాడు. ప్రశ్న, మొదటి ప్రపంచ యుద్ధానికి కారణములు వివరింపుము. ఆయన జవాబు పైకే చదవడం మొదలుపెట్టాడు.

“‘మిరపకాయలు బాగా ఎండిన తర్వాత తాలు కాయలు వేరు చేయాలి. మంచుకి మెత్తబడ్డాక తొక్కాలి. మంచు లేకపోతే కొద్దిగా నీళ్ళు చిలకరించాలి. ఎండలో తొక్కితే కాయ విరిగి గింజ రాలుతుంది. సంచి మూతి ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు లోపల దిగి తొక్కాలి. ముందు మూలల్లో తొక్కాలి, తర్వాత మధ్యలో. మూతి కుట్టేటప్పుడు రెండు చివరలా చెవులు వదలాలి. చెవులు లేకపోతే హమాలీకి పట్టు దొరకదు.’”

గుమ్మం దగ్గర నిలబడ్డ మా అటెండరు, “అవునండీ, మూలలే ముందు తొక్కాలి” అన్నాడు. నేను వాడి వంక చూసిన చూపుకి వాడు వరండాలోకి వెళ్ళిపోయాడు.

అధికారి పేజీలు తిప్పుతూనే ఉన్నాడు. భారత రాజ్యాంగం లక్షణాల కింద దబ్బనంలోకి పురికొస ఎక్కించే విధానం ఉంది. రుతుపవనాల కింద వాన కురిసినప్పుడు కళ్ళంలో కాయ మీద పట్టా ఎలా కప్పాలో ఉంది. ఆ ఒక్కటి కొంచెం సబ్జెక్టుకి దగ్గరగా వచ్చింది. మిగతా పేపర్లు కూడా తెమ్మన్నాడు. లెక్కల పేపర్లో టిక్కీలు, సైన్సు పేపర్లో టిక్కీలు. హిందీ పేపర్లో కూడా టిక్కీలే, అచ్చమైన తెలుగులో. అన్నిటి మీదా ఎర్ర సిరాతో, చుట్టూ సున్నా చుట్టి, ముప్పై ఐదు.

ఆ అమ్మాయిని పిలిపించాం. వచ్చి బల్లకి బాగా దగ్గరగా నిలబడింది. 

“ఇది నువ్వే రాశావా అమ్మా?” అన్నాడాయన.

“నేనేనండి.”

“ఎందుకు రాశావు?”

తడుముకోకుండా చెప్పింది. “చదువుతున్నారో లేదో చూద్దామనండి. జులైలో యూనిట్ టెస్టులో ఒక్క వాక్యం రాశా. ఎవరూ ఏం అనలా. క్వార్టర్లీకి అరపేజీ రాశా. అప్పుడూ ఏం అనలా. అందుకని ఈసారి పేపరు మొత్తం అదే రాశా. ఈసారైనా ఎవరన్నా పిలిచి తిడతారనుకున్నానండి.”

సోషల్ మాస్టారు నేలకేసి చూస్తున్నాడు. నేను ఎటు చూశానో గుర్తు లేదు. అధికారి పేపర్లన్నీ వరసగా సర్ది నా ముందుకి జరిపాడు.

“టిక్కీ కట్టడం గురించి ఇంత బాగా రాసిన వ్యాసం నేను చూడలేదండీ. మార్కులు తక్కువేశారు” అన్నాడు. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నా రిజిస్టర్లో ఏమీ రాయలేదు. రాసినా బాగుండేది.

వెంటనే స్టాఫ్ మీటింగు పెట్టాను. అరిచాను. బడి పరువు తీశారన్నాను, అన్నం ఎలా సహిస్తోందన్నాను. నిజం చెప్పాలి కదా, ఆ పూట నా కోపమంతా నాకు జరిగిన అవమానం గురించే. ఆ పిల్ల సంగతి నాకింకా తట్టనే లేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు సోషల్ మాస్టారు లేచి, బీరువాలోంచి పాత ఆర్డర్ బుక్ తీసి, పేజీ వెతికి నా ముందు పెట్టాడు.

“మీరు రాసిందే చేశాం మేడం” అన్నాడు. ఆ మెత్తని మనిషి నా సర్వీసులో నన్ను అన్న ఒకే ఒక్క మాట అది.

మానవతా దృక్పథము. ఒత్తిడికి గురిచేయరాదు. కింద నా సంతకం, దాని కింద అందరి సంతకాలు.

మర్నాడు ఆ అమ్మాయిని ఒక్కదాన్నే పిలిచాను. “ఇంత జరుగుతుంటే నాతో ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. మందలింపు, లాలింపు సగం సగం కలిపిన గొంతుతో. ఆ గొంతు మనందరికీ వస్తుంది, కుర్చీతో పాటే ఇస్తారనుకుంటాను.

“చెప్పబోయానండి. ఎనిమిదో తరగతిలో మీ గదికొచ్చా. బోర్డు కనపట్టల్లేదు, ముందు బెంచీలో కూర్చుంటానని చెబుదామని. నేను నోరు తెరిచేలోపే మీరు ‘నీకేం ఇబ్బంది లేదు కదమ్మా’ అని చాక్లెట్టు చేతిలో పెట్టారు. బయట ఎవరో వచ్చున్నారు. నేను వెళ్ళిపోయా.”

నాకు ఆ సంగతి బొత్తిగా జ్ఞాపకం లేదు. చాక్లెట్లు మాత్రం నా సొరుగులో ఎప్పుడూ ఉండేవి.

“ఇప్పుడేం కావాలి నీకు?”

“పది పాసవ్వాలండి, అంతే. మా ఊళ్ళో ఆడపిల్లలు చదువు రాకపోతే మిరపకోతకి పోతారు, తాలు ఏరతారు. తాలు ఏరాలంటే ఎర్ర కాయేదో తెల్ల కాయేదో కళ్ళకి తెలవాలి. నాకు తెలవదు. సంచి మూతి కుట్టడం ఒక్కటి తడుముకుంటా చెయ్యగలను. మా అమ్మ చేతులు చూశారా మేడం? దబ్బనం పోట్లే. నాకు చదువు తప్ప ఇంకో దారి లేదండి.”

పబ్లిక్ పరీక్షకి మూడు నెలలు లేదు. ముప్పై ఐదు మార్కులు తప్ప ఆ పిల్ల దగ్గర మేమిచ్చింది ఇంకేమీ లేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా లెక్కల మాస్టారు. ఆయనకి ఒక కల ఉండేది, పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితం. ఆ ఏడు బ్యాచి బాగుంది. ఆయన స్టాఫ్ రూము గోడకి క్యాలెండరు తగిలించి రోజులు కొట్టేస్తున్నాడు. నా గదికొచ్చి తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు.

“మేడం, ఆ పిల్లకి హాజరు చాలలేదని హాల్ టికెట్ ఆపేద్దాం. పరీక్షకి కూర్చోకపోతే పర్సంటేజీలో లెక్కకి రాదు. మనకీ గొడవ లేదు, ఆ పిల్లకీ ఫెయిలయ్యానన్న బాధ ఉండదు. పాపం.”

“హాజరు ఉంది కదండీ. ఐదేళ్ళలో ఒక్కరోజు మానలేదు.”

“రిజిస్టరు మన చేతిలోదే కదండీ.”

చూశారా, జాలి ఎంత దూరం తీసుకెళ్తుందో. నేను వెంటనే కాదన్నానని రాసుకుంటే బాగుంటుంది గానీ, అనలేదు. ఆ రాత్రి నూటికి నూరు అన్న అంకె నాకు కూడా ముద్దుగానే కనిపించింది. మర్నాడు ఆ పిల్లని వైద్య ధ్రువపత్రం కోసం గుంటూరు తీసుకెళ్ళాను, బదులు రాసిపెట్టే మనిషినో, పాస్ మార్కుల్లో రాయితీనో ఇప్పిద్దామని. నిబంధనల్లో ఉన్న శాతానికి ఈమె చూపు లోపం సరిపోదని మెడికల్ బోర్డు తేల్చింది. లెక్క ప్రకారం ఈమె రాయితీ ఇచ్చేంత గుడ్డిది కాదు. ఐదేళ్ళుగా మా లెక్క ప్రకారం చదువు చెప్పలేనంత గుడ్డిది. తిరుగు బస్సులో ఆ పిల్ల కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మొత్తం తనే చదువుకుంది. మడిచి నాకిచ్చి, “అయితే నేనే రాయాలన్నమాట” అంది. ఆ గొంతులో దిగులు లేదు. దిగులుపడాల్సిన మనిషి పక్క సీట్లో కూర్చుని ఉంది.

బడికి రాగానే లెక్కల మాస్టారిని పిలిచి, హాజరు పట్టీ మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోనని చెప్పాను. ఆర్డర్ బుక్‌లో కొత్త పేజీ తీశాను. ఈసారి మానవతా దృక్పథం ఊసెత్తలేదు. బోర్డు మీద రాసే ప్రతి అక్షరం రాస్తూనే పైకి చదవాలి. ఆ అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుంటుంది, ప్లాస్టిక్ కుర్చీ నా గదికి పంపాలి. అందరినీ అడిగినట్టే ఆమెనీ ప్రశ్నలు అడగాలి, రాకపోతే అందరితో అన్నట్టే అనాలి. ఆమె పేపరు ఆఖరి పేజీ దాకా చదివి, ఎన్నొస్తే అన్ని వేయాలి, సున్నా అయితే సున్నా. ప్రశ్నపత్రాలు లావు అక్షరాలతో తిరిగి రాసే పని నాది. రాసి ఊరుకుంటే ఏమవుతుందో తెలిసొచ్చింది కాబట్టి, రోజూ ఏదో ఒక క్లాసులో పది నిమిషాలు వెనక బెంచీలో కూర్చున్నాను. సహిత విద్యని నిత్యాచరణలో పెట్టడమంటే నాకు తెలిసింది ఇంతే. ఇందులో పెయింటరుకి పని లేదు.

లెక్కల మాస్టారు రెండు రోజులు సణిగాడు. “రాస్తా చదువుతా ఉంటే నోరు ఎండిపోతోందండీ.” మూడో వారంలో తనే వచ్చాడు, మొహం అదోలా పెట్టుకుని.

“మేడం, వెనక బెంచీ మగపిల్లలు ఇప్పుడు లెక్కలు చేస్తున్నారండీ. ఏంట్రా సంగతని అడిగితే, నా చేతిరాత వాళ్ళకి ఎప్పుడూ అర్థం కాలేదంట. ఇన్నేళ్ళూ ఒక్కడూ చెప్పలేదు చూడండి.”

“మీరు అడిగారా?”

“లేదనుకోండి.”

మొదటి స్లిప్ టెస్టు పెట్టాం. ఆ అమ్మాయికి సోషల్‌లో యాభైకి పంతొమ్మిది, లెక్కల్లో నాలుగు. ఆ నాలుగు పట్టుకుని మర్నాడు పొద్దున్నే తల్లి వచ్చింది, గోనె పీచు అంటిన చీరతో, పని మానుకుని.

“ఇదేం న్యాయమండీ? ఐదేళ్ళ నుంచి పాసయ్యే పిల్ల ఇవాళ ఎట్టా తప్పిద్దండీ? ఎవురో దీని మీద కక్ష కట్టారు.”

కూర్చోమన్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. పేపర్లు ఎవరూ చదవలేదని, మార్కులు ఊరికే వేశామని, వేయమన్నది నేనేనని. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. “అయితే మేం ఇంట్లో దాచుకున్న ఆ ప్రోగ్రెస్ కార్డులన్నీ ఎవరియ్యండీ?” అంది.

ఆవిడ లేచి, పిల్ల క్లాసు కిటికీ దాకా వెళ్ళి, మొదటి బెంచీలో కూర్చుని ఉందో లేదో చూసుకుని, పనికి వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మార్చిలో పరీక్షలు రాసింది, మిగతా పిల్లలతో పాటే, అదే హాల్లో. భూతద్దం పట్టుకుని, ఒక్కో ప్రశ్నా ముక్కుకి ఆనించుకుని చదువుకుంటూ. మేలో ఫలితాలొచ్చాయి. తెలుగు, హిందీ, సైన్సు, సోషల్ పాసైంది. ఇంగ్లీషు, లెక్కలు పోయాయి. మా బడిలో తప్పింది ఆ పిల్ల ఒక్కతే. లెక్కల మాస్టారు గోడ మీది క్యాలెండరు తీసి, చుట్టి బీరువాలో పడేశాడు. పదిరోజులకి నాకు మెమో వచ్చింది. ఆదర్శ పాఠశాలలో ప్రత్యేక అవసరాల విద్యార్థిని, అన్ని తరగతులలో ఉత్తీర్ణురాలై, పబ్లిక్ పరీక్షలో తప్పుటకు కారణమేమి, బాధ్యులెవరు, సంజాయిషీ తెలుపుడు.

ఆ అమ్మాయి మార్కుల కాగితం తీసుకోవడానికి వచ్చింది. ఓదార్చడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

“నెల రోజుల్లో సప్లిమెంటరీ ఉంది కదమ్మా. పదో తరగతి లెక్కలు మళ్ళీ మొదటి నుంచీ చెప్పిస్తాను.”

“పదో తరగతివి వద్దు మేడం. నాకు ఆరో తరగతి లెక్కలు చెప్పించండి. నాకు అక్కణ్ణుంచే రావు.”

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న లెక్కల మాస్టారు, “ఆరో తరగతంటే, భిన్నాల కాణ్ణుంచా?” అని అడిగాడు.

“అంతకు ముందునుంచండి.”

ఆయన నా వంక చూశాడు. వేసవి సెలవులు. ఆయన ఊరు అక్కడికి రెండు బస్సుల దూరం. “ఇంగ్లీషు మీరు చూసుకోండి మేడం” అని, బీరువా తెరిచి ఆరో తరగతి లెక్కల పుస్తకం తీసుకుని, ఆ పిల్లని వరండాలోకి రమ్మన్నాడు. కాసేపటికి అక్కణ్ణుంచి ఆయన కేకలు వినిపించాయి, ఆ పిల్ల ఎదురు వాదిస్తున్న గొంతు కూడా.

నేను మెమోకి జవాబు రాయడానికి కూర్చున్నాను. నా సర్వీసులో నేను రాసిన అతి పొట్టి సంజాయిషీ అది. ‘సదరు విద్యార్థిని ఈ పాఠశాలలో ఆరవ తరగతిలో చేరినది. ఆమెకు చదువు చెప్పుట పదవ తరగతి జనవరిలో మొదలుపెట్టితిమి. బాధ్యురాలను నేను.’ దానికి పైనుంచి ఏ జవాబూ రాలేదు. అలాంటి కాగితాన్ని ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకి తెలిసి ఉండదు.

ఇంగ్లీషు ఆ సప్లిమెంటరీలోనే గట్టెక్కింది. లెక్కలకి ఇంకో ఏడాది పట్టింది. మరుసటి మార్చిలో మళ్ళీ రాసింది, పాసైంది. నలభై ఒకటి వచ్చాయి. ఆ పేపరు ఏ ఊళ్ళో ఎవరు దిద్దారో మాకు తెలియదు. దిద్దినవాళ్ళకి ఆమె ఎవరో తెలియదు.